గోరింటగెడ్డ కౌన్సిల్‌కు అంతా తెలుసు

గోరింటగెడ్డ పురపాలక సంఘంలో ఏం జరుగుతోందో అక్కడి కౌన్సిల్‌కు తప్ప అందరికీ తెలిసేది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ఆఫీసువాళ్లు ఆఫీసు పని చూసుకునేవారు, సభ్యులు తమ పనులు చూసుకునేవారు, ఒకరితో ఒకరు చెప్పుకోవలసిన అవసరం ఎన్నడూ కలగలేదు. ఫలానా వీధిలో కాలువ తవ్వుతున్నారని ఆ వార్డు కౌన్సిలరుకు తెలియాలంటే టీకొట్టుకైనా వెళ్లాలి, ఆ కాలువలోనైనా పడాలి.

ఏడో వార్డు నుంచి కొత్తగా గెలిచిన దుంపల సువర్చలకు రెండో పద్ధతిలో తెలిసింది.

సువర్చలకు చేపల బజారు వెనక వీధిలో కుట్టుపని దుకాణం ఉంది. జాకెట్లు బాగా కుడుతుందనీ, చెప్పిన రోజుకు ఇస్తుందనీ పేరు. ఆ రెండో గుణం చూసే వార్డు ఆడవాళ్లు ఆమెను నిలబెట్టి గెలిపించారు. ఒక ఉదయం షట్టరు ఎత్తడానికి వచ్చిన ఆమె, నిన్నటిదాకా రోడ్డున్న చోట కాలు పెట్టి మోకాలి లోతు గోతిలోకి దిగింది. గట్టు మీద కూలీలు బీడీలు కాల్చుకుంటున్నారు.

"ఎందుకయ్యా తవ్వినారు?" అని అడిగింది, గోతిలోంచే.

"మాకేటి తెలుస్తాది తల్లీ? తవ్వమన్నారు, తవ్వీసినాం."

ఇంజనీరింగ్ సెక్షనులో అడిగితే టెలిఫోనువాళ్లయి ఉంటారన్నారు. టెలిఫోనువాళ్లు మున్సిపాలిటీవాళ్లయి ఉంటారన్నారు. కొన్నాళ్లకు గొయ్యి పూడ్చేశారు. ఎందుకు పూడ్చారో కూడా ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ నెల కౌన్సిల్ సమావేశంలో సువర్చల మొదటిసారి లేచి నిలబడింది. చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని, మైకుకు కాస్త దూరంగా ఉండి మాట్లాడింది.

"నాకు పెద్ద మాటలు రావండి. మా వార్డులో గొయ్యి తవ్వుతన్నప్పుడు మాకొక మాట సెప్తే బాగుంటాది కదా అని. అంతేనండి."

అని కూర్చుంది. కానీ చైర్మన్ కింతలి త్రినాథరావు లేచాడు. ఆయన గాయం ఇంకా పచ్చిగా ఉంది. కిందటి నెలలో ఆయన బ్యాండు మేళంతో, మెళ్లో దండతో, బస్టాండు దగ్గర మరుగుదొడ్లు ప్రారంభించడానికి వెళ్లాడు. వాటిని అంతకుముందు వారమే ఆఫీసువాళ్లు పడగొట్టించారు. ఆ సంగతి ఆయనకు చెప్పినవాళ్లు లేరు. ఫోటోగ్రాఫర్లు వచ్చేసి ఉండడంతో రెండు కర్రలకు కట్టిన రిబ్బను కత్తిరించి, వెనక ఉన్న మట్టిని జాతికి అంకితం చేసి వచ్చేశాడు.

"సువర్చలమ్మగారు అడిగింది గొయ్యి గురించి కాదు!" అని బల్ల గుద్దాడు. "ఈ సభ గౌరవం గురించి!"

తాను అడిగింది గొయ్యి గురించేనని సువర్చల చెప్పబోయింది గానీ చప్పట్లలో వినబడలేదు. 'కౌన్సిల్‌కు తెలియకుండా పురపాలక సంఘంలో ఏ పనీ జరగరాదు' అని అక్కడికక్కడే ఏకగ్రీవంగా తీర్మానించారు.

తీర్మానాన్ని అమలు చేయవలసినవాడు కమిషనర్ పట్టాభి సుందరం. నిజాయితీపరుడు. ఎవరి దగ్గరా కాఫీ కూడా తాగడు. మాటలకు నిర్వచనాలు రాయడమంటే ఆయనకు ప్రాణం. అంతకుముందు పనిచేసిన ఊళ్లో 'చెత్త' అనే మాటకు నిర్వచనం రాసి, దాని ప్రకారం ఊళ్లో చెత్త లేదని తేల్చి, కలెక్టరు ప్రశంస పొందినవాడు.

ఆయన తీర్మానాన్ని రెండు రోజులు చదివి సభ్యులందరినీ పిలిపించాడు.

"గౌరవ సభ్యులు 'తెలియజేయకుండా' అనలేదు. 'తెలియకుండా' అన్నారు. ఇది చాలా గంభీరమైన భేదం. కాగితం పంపితే తెలియజేసినట్టు. విషయం తమ అవగాహనలోకి ప్రవేశిస్తేనే తెలిసినట్టు. అందుచేత ఇకమీదట ఏ పనికైనా ముందు, ప్రతి గౌరవ సభ్యుడూ స్వయంగా, స్పృహలో ఉండి, 'తెలిసింది' అని నోటితో పలకవలసి ఉంటుంది. అందరూ పలికిన మీదటే పార నేలకు తగులుతుంది."

సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంత మర్యాద వాళ్లకు ఎన్నికల ముందు కూడా ఎవరూ చేయలేదు.

వారం తిరక్కుండా 'సమాచార నివేదన విభాగం' ఏర్పడింది. తెల్ల చొక్కా, జేబు మీద నీలం బిళ్ల వేసుకున్న నివేదకులు తెల్లవారేసరికి కౌన్సిలర్ల గుమ్మాల్లో నిలబడేవారు. చైర్మన్‌గారు గడ్డం గీసుకుంటూ వినేవాడు.

"అయ్యా, తమ వార్డు నందు పాలకేంద్రం దగ్గర వీధిదీపం మాడిపోయినది. మార్చుటకు ఉద్దేశించడమైనది."

"తెలిసింది!" అనేవాడు చైర్మన్, వంటింట్లో ఉన్న భార్యకు వినబడేలా.

సువర్చలకూ మొదట్లో బాగానే ఉంది. దుకాణం ముందు మనిషి వచ్చి చేతులు కట్టుకుని నిలబడి, ఫలానా చోట కుక్కలు ఎక్కువయ్యాయని చెబుతుంటే, మిషను ఆపి "తెలిసింది" అనేది. బట్టలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లు ఆమెను కొత్తగా చూసేవారు. ఆ రోజుల్లో ఆమె కొంచెం నిటారుగా నడిచేదని వీధిలో అనుకున్నారు.

చెప్పవలసిన సంగతులు పెరిగేకొద్దీ చెప్పేవాళ్లు చాలలేదు. వీధులు ఊడ్చేవాళ్లను తీసుకుని చెప్పడానికి పెట్టారు. ఊడుస్తామని ఇల్లిల్లూ తిరిగి చెప్పి, దొరికినవాళ్ల చేత 'తెలిసింది' అనిపించేసరికి సాయంత్రమయ్యేది. మర్నాడు చీపురు పట్టబోతే కమిషనర్ ఆపాడు.

"నిన్న గౌరవ సభ్యులకు తెలిసిన చెత్త వేరు, నేడు నేల మీద ఉన్న చెత్త వేరు. దీని గురించి తిరిగి నివేదించండి."

దోమల మందు కొట్టేవాళ్లు, వీధిదీపాలవాళ్లు, నీళ్ల పైపుల ఫిట్టర్లు ఒక్కొక్కరే తెల్ల చొక్కాల్లోకి మారిపోయారు. ఇంతలో ఆడిట్ సెక్షను ఒక సందేహం లేవనెత్తింది. సమాచారం చెప్పడం కూడా పురపాలక సంఘం చేసే పనే కదా, మరి అది కౌన్సిల్‌కు తెలియకుండా ఎలా జరుగుతోంది? పట్టాభి సుందరం ఆ గుమాస్తాకు కరచాలనం చేశాడు. ఆ మర్నాటి నుంచి, ఏదైనా చెప్పే ముందు రోజు ఒక నివేదకుడు వచ్చి, "రేపు ఉదయం తమకు ఒక విషయం తెలియజేయబడును" అని చెప్పి, తెలిసిందనిపించుకుని వెళ్లేవాడు.

ఊళ్లో కుప్పలు పెరిగాయి. దీపాలు ఆరిపోయాయి. సమీక్షా సమావేశంలో కమిషనర్ ఎంతో సంతృప్తి ప్రకటించాడు.

"పనుల మీద ఫిర్యాదులు పూర్తిగా తగ్గిపోయినవి. ఏ పని మీదా ఒక్క ఫిర్యాదు లేదు."

పనే లేనప్పుడు ఫిర్యాదెలా వస్తుందని అడగడానికి ఒక సభ్యుడు లేచాడు గానీ, అడగబోతున్నట్టు ముందుగా తెలియజేయలేదని కూర్చోబెట్టారు. పక్క జిల్లా మున్సిపాలిటీ నుంచి ఒక బృందం ఈ పద్ధతి చూసి నేర్చుకోవడానికి వచ్చింది. దారిలో కుప్పలు అడ్డం రావడంతో ఆఫీసు దాకా నడిచి వచ్చి మెచ్చుకుని వెళ్లింది.

ఇలా ఉండగా ఏడో వార్డులో మంచినీళ్ల పైపు పగిలింది.

సరిగ్గా పురిటి ఆసుపత్రి ముందు పగిలింది. చిన్న ఆసుపత్రే. చేపలమ్ముకునేవాళ్లు, జూట్ మిల్లువాళ్లు, రిక్షావాళ్లు, అందరి పిల్లలూ అక్కడే పుడతారు. నీళ్లన్నీ వీధిలోకి చిమ్ముతుంటే లోపల కొళాయిలు ఎండిపోయాయి. సువర్చల చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని వీధిలో నిలబడి చూస్తూ ఉండగా ఫిట్టర్ అప్పలకొండ వచ్చాడు. తెల్ల చొక్కా తడవకుండా గట్టు మీదే ఆగాడు.

"తల్లీ, మీ వార్డు నందు మంచినీళ్ల పైపు పగిలినాది."

"కనబడతంది అప్పలకొండా. బాగుసెయ్యి."

"ముందు తెలిసింది అనాలమ్మా."

"తెలిసింది. సెయ్యి."

"అలాగైపోద్దేటి? మిగతావోళ్లు కూడా అనాలి కదా," అని నొచ్చుకుంటూ చెప్పి వెళ్లాడు.

ఆ సాయంత్రానికి అందరూ అన్నారు. సభ్యుల్లో ఒక్క సన్యాసినాయుడు అనలేదు. అసలు సంగతి అప్పుడు బయటపడింది. తీర్మానం అయిన దగ్గర్నుంచీ ఊళ్లో ఒక్క పని కూడా ఆయన్ని దాటి ముందుకు పోలేదు. అన్ని పనులూ ఆయన గుమ్మం దగ్గరే ఆగి ఉన్నాయి. నివేదకులు కొత్త సంగతులు మోయడంలో తీరిక లేక దీన్ని గమనించలేదు.

సువర్చల ఆయన ఇంటికి పరిగెత్తింది. రొంగలి సన్యాసినాయుడు కౌన్సిల్‌లో అందరికన్నా పాతవాడు. అరుగు మీద నులకమంచంలో కూర్చుని పొగచుట్ట వెలిగించుకుంటున్నాడు.

"రామ్మా. మీ వార్డులో పైపు పగిలిపోనాదట కదా? పురిటాసుపత్రికి నీళ్లు కూడా లేవట. పాపం!" అన్నాడు తనే.

ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. "ఆ ముక్కే అనీయండి నాయుడుగారూ."

"ఏ ముక్క?"

"తెలిసింది అని."

"ఏటి తెలిసింది?"

"పైపు పగిలిందని."

"నాకు తెల్దు," అన్నాడు సన్యాసినాయుడు.

ఆయన మంచం మీద ఇటు జరిగి, కూతురికి చెప్పినట్టు మెల్లగా చెప్పాడు.

"సూడు తల్లీ, నువ్వు కొత్త. సారా వేలంపాట గొడవలో నన్నడిగినారు, తెల్దన్నాను. సహకార బ్యాంకు ఎంక్వైరీలో అడిగినారు, తెల్దన్నాను. కోర్టులో బోనెక్కించి మీ తమ్ముడి పేరేటని అడిగినారు. దానికీ తెల్దన్నాను. పక్కనే ఉన్నాడు ఆడు. ఇన్నేళ్ల రాజకీయంలో నాకు తెలుసని ఒక్క పాలి కూడా ఒప్పుకోలేదు, అందుకే ఇంకా ఈ అరుగు మీద కూకున్నాను. ఇప్పుడు నీళ్ల పైపు కోసం నోరు జారితే, రేపింకోడొచ్చి ఇది తెలిసినోడివి అది తెల్దా అని అడుగుతాడు. అప్పుడు నా గతేటి?"

"పసిపిల్లలండి," అంది సువర్చల.

"నిజమేనమ్మా," అన్నాడాయన. నిజంగానే జాలి పడ్డాడు. మజ్జిగ తాగి వెళ్లమన్నాడు. అంతే.

అక్కణ్ణుంచి ఆమె కమిషనర్ దగ్గరకు వెళ్లింది. ఆయన లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

"సార్, పుట్టిన పిల్లని కడగడానికి సోడాల కొట్లో నీళ్ల ప్యాకెట్లు కొని కత్తిరిస్తన్నారు. నర్సమ్మ ఏడుస్తంది."

"ఇది హృదయ విదారకమైన పరిస్థితి," అన్నాడు పట్టాభి సుందరం. ఆయన గొంతు కూడా మారింది. "ఈ విషయం కౌన్సిల్‌కు తెలిసి తీరవలసిందే. ఈ క్షణమే నివేదన పెట్టిస్తున్నాను."

"నివేదనెందుకండి? ఫిట్టర్ని పంపండి."

"అమ్మా, ఈ నియమం ఎవరి కోసం పుట్టిందో గుర్తు చేసుకోండి. ఆనాడు సభలో తమరు లేచి నిలబడకపోయి ఉంటే, ఈ పురపాలక సంఘం ఇంకా చీకట్లో ఉండేది."

ఊరు ఇప్పుడు కూడా చీకట్లోనే ఉందని ఆమె అనలేదు. ఆసుపత్రికి వెళ్లేసరికి నర్సు ఫిలోమినా ఎదురొచ్చి చెప్పింది. "మున్సిపాలిటీ అబ్బాయొచ్చాడమ్మా. మీ ఆసుపత్రికి నీళ్లు లేవు అని నాకు చెప్పి వెళ్లిపోయాడు."

మర్నాడు నొప్పులతో వచ్చిన చేపల బజారు నూకాలును ఫిలోమినా చేర్చుకోలేకపోయింది. నీళ్లు లేకుండా పురుడు పోయడానికి భయపడి జిల్లా ఆసుపత్రికి ఆటో ఎక్కించింది. రైల్వే గేటు పడి ఉంది. గూడ్సు బండి పోతూనే ఉంది. ఆ గేటు దగ్గరే, ఆటోలోనే, నూకాలు ఆడపిల్లను కంది. చుట్టూ ఆగిన బస్సుల్లోంచి ఎవరో ముసలమ్మ దిగి చీర అడ్డం పట్టిందట. తల్లీ పిల్లా బతికారు.

ఆ కబురు విన్నప్పుడు సువర్చల నూకాలు జాకెట్టే కుడుతోంది. కడుపు పెరిగిందని రెండుసార్లు విప్పి వదులు చేసిన జాకెట్టు. సూది వేల్లో దిగింది. వేలు నోట్లో పెట్టుకుంది. తర్వాత లేచి షట్టరు దించేసి, వీధిలోకి వచ్చి ఆడవాళ్లను పేరుపేరునా పిలిచింది.

చేపల బజారు ఆడవాళ్లు పలుగూ పారా తెచ్చారు. ఇనప సామాన్ల కొట్టువాడు ఒక క్లాంపు, సైకిలు షాపువాడు ట్యూబు ముక్కలు ఇచ్చారు. గొయ్యి తవ్వి పైపు దాకా దిగారు గానీ నీళ్లు చిమ్ముతుంటే ఏం చేయాలో తెలియలేదు. అంతలో అప్పలకొండ వచ్చాడు, రేపు ఒక విషయం తెలియజేయబడునని తెలియజేయడానికి. సంగతి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాను ముట్టుకోనమ్మా. సస్పెండు సేసీస్తారు. నానిప్పుడు ఫిట్టర్ని కాను, నివేదకుణ్ని."

"నిన్ను ముట్టుకోమన్నానా?" అంది సువర్చల, నడుం లోతు గోతిలోంచి. "నీ ఉద్యోగం ఏటి?"

"సమాచారం సెప్పడం."

"నానెవర్ని?"

"గౌరవ సభ్యురాలు."

"మరి సెప్పు. ఈ వాల్వు ఎటు తిప్పితే నీళ్లు ఆగుతాయి? నాకు సమాచారం కావాలి."

అప్పలకొండ ఒక్క క్షణం ఆలోచించాడు. వెతికినా అందులో తప్పు కనబడలేదు. చొక్కా సర్దుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"గౌరవ సభ్యురాలికి తెలియజేయునది ఏమనగా, వాల్వును కుడి వైపుకు తిప్పవలెను."

తిప్పారు. నీళ్లు తాటిచెట్టంత లేచి నివేదకుణ్ని తల నుంచి కాళ్ల దాకా తడిపేశాయి.

"ఎవరి కుడి?" అని అరిచింది సువర్చల.

"నా కుడమ్మా! నాకిటు కుడి! మీకది ఎడమైపోద్ది!" అని చెంగు చెంగున గంతులేశాడు అప్పలకొండ, అధికార భాష పూర్తిగా మరిచిపోయి. "తిప్పండి, తిప్పండి, ఇంకా! ఆ! ఇప్పుడు ట్యూబు సుట్టండి. అలా కాదమ్మా, పిల్లకి పొత్తిగుడ్డ సుట్టినట్టు, బిగించి! ఇప్పుడు క్లాంపు!"

మధ్యాహ్నానికి ఆసుపత్రి కొళాయి రెండుసార్లు దగ్గి, ఎర్రనీళ్లు కక్కి, తెల్లగా పారింది. ఫిలోమినా బకెట్లన్నీ నింపి, చాలక మందుల ట్రేలు కూడా నింపింది. గోతిలో నుంచి బయటికి వచ్చిన ఆడవాళ్లు మట్టికాళ్లతో మెట్ల మీద కూర్చుని నవ్వుకున్నారు. సువర్చల మాత్రం కొళాయి దగ్గర నిలబడి, ధార కింద చెయ్యి పెట్టి, తియ్యకుండా అలా ఉండిపోయింది.

ఆ మర్నాడే కౌన్సిల్ అత్యవసర సమావేశం జరిగింది. కమిషనర్ ఎంతో బాధతో మాట్లాడాడు.

"ఏడో వార్డులో ఒక పని జరిగినట్టు వదంతులు వస్తున్నవి. కౌన్సిల్‌కు తెలియకుండా ఏ పనీ జరగరాదు. కౌన్సిల్‌కు తెలియలేదు. అందుచేత జరగలేదు. పురపాలక సంఘం దృష్టిలో ఆ పైపు పగిలే ఉంది."

"మరి నీళ్లొస్తన్నాయి కదండి?" అన్నాడొక సభ్యుడు.

"అవి అనధికార జలాలు."

చైర్మన్ త్రినాథరావు దారి చూపించాడు. "సువర్చలమ్మగారి మనసు నొప్పించడం ఎవరికీ ఇష్టం లేదు. పైపుని పగలగొట్టించి, అందరికీ తెలియజేసి, పద్ధతి ప్రకారం మళ్లీ బాగుచేయిద్దాం. ఆమె పేరే శిలాఫలకం మీద వేయిద్దాం."

సువర్చల లేచింది. ఈసారి మైకు దగ్గరకు లాక్కుంది.

"నాను ఒక్క మాట సెప్పమన్నాను. ఒక్క మాట! దానికి మీరు ఊరంతా ఆపీసినారు. ఆటోలో పురుడు పోసుకున్న పిల్ల రేపు పెద్దయ్యి నన్నడిగితే ఏటి సెప్పాలి? మీకందరికీ తెలిసే ఆ నీళ్లు ఆగినాయి. ఆ తీర్మానం రద్దు సెయ్యండి. లేదా, ఆ పైపు మీద నాను కూకుంటాను, నన్ను పగలగొట్టండి."

కమిషనర్ వినయంగా వివరించాడు. రద్దు చేయడం కూడా పనే కాబట్టి, దానికీ అందరూ తెలిసిందని పలకాలి. పగలగొట్టడం కూడా పనే. ముందు ప్రతిపాదించినది పగలగొట్టడం గనుక, వరుసలో అది ముందు.

పేర్లు పిలిచారు. ఒక్కొక్కరే తలవంచుకుని "తెలిసింది" అన్నారు. సువర్చల వంతు వచ్చినప్పుడు ఆమె మాట్లాడలేదు. ఆమె స్వయంగా గోతిలో దిగింది గనుక తెలియదనడానికి వీల్లేదని కమిషనర్ రూలింగ్ ఇచ్చి, తెలిసినట్టే రాయించాడు. చివర సన్యాసినాయుడి పేరు పిలిచారు. ఆయన నిద్రలో నుంచి లేచాడు.

"పైపా?" అన్నాడు. "ఏ పైపు? నాకు తెల్దు."

పైపు నిలిచింది. తీర్మానం రద్దుకు పేర్లు పిలిచినప్పుడూ ఆయన అదే మాట అన్నాడు గనుక తీర్మానం కూడా నిలిచింది. రాజకీయాల్లో సన్యాసినాయుడు చేసిన ఒకే ఒక్క ప్రజాసేవ ఆ రోజు జరిగింది. ఆ సంగతి ఆయనకు చెప్పడానికి వెళ్లినవాళ్లతో కూడా తనకు తెలియదనే అన్నాడు.

సువర్చలకు ఒక హెచ్చరిక జారీ అయింది. ఆమె దాన్ని చదివి, మిషను సొరుగులో పడేసి, నూకాలు కూతురికి ఒక గౌను కుట్టింది.

తర్వాత ఆమె వార్డులో చిత్రమైన మార్పు వచ్చింది. కొళాయి రావడం లేదనీ, దీపం వెలగడం లేదనీ దుకాణానికి వచ్చి మొరపెట్టుకునేవాళ్లు లేకుండా పోయారు. వచ్చినా జాకెట్ల సంగతి మాట్లాడి వెళ్లిపోయేవారు. వార్డు మాత్రం తక్కిన ఊరికన్నా శుభ్రంగా కనబడసాగింది. మొదట్లో ఆమెకు అర్థం కాలేదు. తన మీద కోపం వచ్చిందేమోనని రెండు రోజులు అన్నం సయించలేదు.

ఒక ఆదివారం చాకలివీధి మీదుగా వస్తూ ఆమె చూసింది. సగం వీధి అక్కడే ఉంది. పూడిపోయిన మురుగుకాలువ మీది రాతిపలక గడ్డపారతో లేపుతున్నారు. కల్వర్టు మీద అప్పలకొండ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఏదో తెలియజేస్తున్నాడు. ఆమెను చూడగానే మాటలు ఆగిపోయాయి. గడ్డపార పట్టుకున్న చేపల అమ్మాయి దాన్ని చీర వెనక దాచుకోబోయింది.

"ఏటి సేస్తన్నారు?" అంది సువర్చల.

తక్కినవాళ్లు ఒకరి వెనక ఒకరు నక్కారు. చివరికి ఫిలోమినా ముందుకొచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని, ఎంతో ప్రేమగా అంది.

"మీకు చెప్పకూడదని కాదమ్మా. మీకు తెలిస్తే పని ఆగిపోతుందని."

సువర్చల వాళ్ల మొహాలు చూసింది. వాళ్లు ఓట్లేసి గెలిపించిన మనిషి ఆమె. వాళ్ల కోసమే తెలుసుకోవాలనుకుంది. ఆకాశం వైపు చూసి, ఎండ బాగా ముదిరిందని ఎవరితోనో అన్నట్టు అని, వచ్చిన దారినే వెనక్కి తిరిగింది.

ఆమె సందు మలుపు తిరిగేదాకా ఆగి, గడ్డపార మళ్లీ మొదలైంది. ఆ చప్పుడు సువర్చలకు ఇంటిదాకా వినబడింది. వినబడినట్టు ఆమె ఎవరికీ చెప్పలేదు.